ఏ బడిలో వేయాలో తేల్చాల్సింది మీరే: ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

"మా దగ్గర అలాంటి పిల్లలకు ఫెసిలిటీస్ లేవండి." "ముందు మాటలు రానివ్వండి, వచ్చే ఏడు చూద్దాం." "మిగతా పేరెంట్స్ ఒప్పుకోరండి." "అయ్యో, నిన్ననే సీట్లన్నీ నిండిపోయాయి."

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, వినికిడి లోపం ఉన్న పిల్లల్ని బడిలో వేయడానికి తిరిగినవాళ్లకు ఈ మాటలు కొత్త కాదు. చాలా మర్యాదగా చెబుతారు. ఆ మర్యాదకే మనం నమస్కారం పెట్టి లేచి వచ్చేస్తాం. ఇప్పుడు జరిగింది చట్టం ఒప్పుకోని పని అని గేటు దాటాక కూడా తోచదు. తోచినా, చూపించడానికి చేతిలో ఒక్క కాగితం ఉండదు.

బడిని ఎంచుకునే హక్కు చట్టంలో స్పష్టంగానే ఉంది. అయితే నోటిమాటతో అడిగితే అది పనిచేయదు, రాసి అడగాలి. కింద చెప్పేదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నవాళ్ల కోసం. సెక్షన్ నంబర్లు వేరే రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్లకూ పనికొస్తాయి, ఆఫీసుల పేర్లు మాత్రం మారతాయి.

మొదటి మెట్టు: నాలుగు సెక్షన్లు గుర్తుపెట్టుకోండి

చట్టం మొత్తం చదవక్కర్లేదు. రెండు చట్టాల్లో నాలుగు చోట్లు తెలిస్తే చాలు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత 1995 చట్టం స్థానంలో ఇది వచ్చింది. ఇందులో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం, మేధో వైకల్యం, డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలో ఇబ్బందులు, మాట-భాష ఇబ్బందులు, తలసేమియా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ (ఒకచోట దృష్టి నిలవకపోవడం, అతి చురుకుదనం) మాత్రం విడిగా లేదు. దానితోపాటు డిస్లెక్సియా లాంటిది ఉంటే ఆ పేరు మీద సర్టిఫికెట్ అడగాల్సి వస్తుంది.

ఈ చట్టంలో 31వ సెక్షన్ మీకు గుండెకాయ. 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరలోని బడిలో గానీ, ప్రత్యేక పాఠశాలలో గానీ, తమకు నచ్చినచోట ఉచితంగా చదువుకునే హక్కు ఉందని అది చెబుతుంది. "నచ్చినచోట" అన్నది చట్టంలోనే ఉంది. మీ పిల్లవాడు మామూలు బడికి పనికిరాడని తేల్చే అధికారం హెడ్‌మాస్టర్‌కు లేదు. స్పెషల్ స్కూల్ వద్దని మిమ్మల్ని బలవంతపెట్టే అధికారం కూడా ఎవరికీ లేదు.

16వ సెక్షన్ బడుల బాధ్యత చెబుతుంది. ప్రభుత్వ నిధులు తీసుకునే బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు మాత్రమే ఉన్న ప్రైవేటు బడి అయినా వివక్ష లేకుండా చేర్చుకోవాలి. భవనం అందుబాటులో ఉండాలి, పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి, రాకపోకల సౌకర్యం చూడాలి. "ఫెసిలిటీస్ లేవండి" అన్న మాటకు జవాబు ఇక్కడే ఉంది. ఫెసిలిటీస్ లేకపోవడం చేర్చుకోకపోవడానికి కారణం కాదు, బడి దిద్దుకోవాల్సిన లోపం.

మూడోది విద్యాహక్కు చట్టం, 2009లోని 13వ సెక్షన్. బడిలో చేర్చుకునే ముందు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. "ఒక గంట మా దగ్గర కూర్చోబెట్టండి, అబ్జర్వ్ చేసి చెబుతాం" అంటే అదీ ఇంటర్వ్యూనే. చేరిన తర్వాత అసెస్‌మెంట్ చేస్తే మంచిదే, అది వేరే సంగతి.

నాలుగోది అదే చట్టంలోని 3వ సెక్షన్. 2012లో జరిగిన సవరణతో, తీవ్ర వైకల్యం గానీ ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు గానీ ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు ఎంచుకునే హక్కు కూడా వచ్చింది. అది మీరు కోరుకోవాల్సిన ఏర్పాటు. "మీ బాబుకు ఇంటి దగ్గరే మేలు" అని బడి మిమ్మల్ని తప్పించుకోవడానికి వాడే దారి కాదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 31వ సెక్షన్‌లో ఉచితం అని ఉంది కదా అని పెద్ద ప్రైవేటు బడికి వెళ్లి ఫీజు కట్టనంటే పని జరగదు. ఉచిత విద్య అందించే బాధ్యతను చట్టం ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టింది. ప్రైవేటు బడి చేర్చుకోనంటే 16వ సెక్షన్‌తో గట్టిగా నిలబడవచ్చు. ఫీజు లేకుండా కావాలంటే 25 శాతం సీట్ల దారి వేరే ఉంది, కింద చెబుతాను. రెండింటినీ కలిపి వాదిస్తే రెండూ బలహీనపడతాయి.

మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. అలాంటి బడిలో 25 శాతం సీట్ల మాట ఎత్తకండి. దివ్యాంగుల చట్టంలోని 16వ సెక్షన్‌నే పట్టుకోండి, అక్కడ ప్రభుత్వ గుర్తింపు ఉంటే చాలు.

రెండో మెట్టు: సర్టిఫికెట్, కానీ దాని కోసం ఏడాది పోగొట్టుకోవద్దు

వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్‌ను మన దగ్గర సదరం అనే అంటారు. ఇప్పుడు దేశమంతటికీ ఒకటే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ ఉంది. దానికి స్వావలంబన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి. స్లాట్ దొరికే పద్ధతి తరచూ మారుతుంటుంది కాబట్టి ముందు మీసేవలో, ఆంధ్రాలో అయితే సచివాలయంలో కనుక్కోండి. కార్డు రంగు చూస్తే శాతం తెలిసిపోతుంది. 40 లోపు తెలుపు, 40 నుంచి 79 వరకు పసుపు, 80 ఆపైన నీలం.

డాక్టర్లు శాతం తేల్చే క్యాంపుకు వెళ్లే ముందు కొంచెం సిద్ధపడాలి. డాక్టర్ల ముందు మీ పాప ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపు హుషారుగా నవ్వుతూ కూర్చుంటే శాతం తక్కువ పడే ప్రమాదం ఉంది. అందుకే పాత రిపోర్టులు, థెరపీ నోట్సు, ఫోన్‌లో తీసిన చిన్న వీడియోలు తీసుకెళ్లండి. బట్టలు వేసుకోవడం, తినడం, టాయిలెట్, రోడ్డు మీద ప్రవర్తన, ఇలా రోజువారీ పనుల్లో ఎక్కడ సాయం కావాలో ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కు ఇవ్వండి.

డిస్లెక్సియా లాంటి వాటికి సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండాకే ఇస్తారు. 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అంటే 1, 2 తరగతుల పిల్లల చేతిలో అది ఉండదు. అప్పుడు బడి "సర్టిఫికెట్ లేదుగా" అంటుంది. ఇలాంటి ఇబ్బందుల్ని తొందరగా గుర్తించాల్సిన బాధ్యత బడిదేనని 16వ సెక్షనే చెబుతుంది, ఆ మాట వాళ్లకు గుర్తుచేయండి.

40 శాతానికి తక్కువ వచ్చినా చేతులెత్తేయకండి. 31వ సెక్షన్, రిజర్వేషన్ల లాంటివి 40 దాటినవాళ్లకే. వివక్ష చూపకూడదు, తగిన సర్దుబాట్లు చేయాలి అన్నవాటికి ఆ గీత లేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే వివరించి, 40 శాతం లేని అభ్యర్థికి కూడా స్క్రైబ్‌ను, అంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని ఇవ్వాలంది.

అసెస్‌మెంట్ ఎక్కడ చేయించాలి అంటే, జిల్లా ఆసుపత్రిలో డైక్ (పిల్లల్లో లోపాల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం) ఉంటే అక్కడ మొదలుపెట్టండి. మేధో వైకల్యానికి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ పాతకాలం నుంచీ పేరున్న కేంద్ర సంస్థ, పెద్దవాళ్లు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. నెల్లూరు చుట్టుపక్కల వాళ్లకు అక్కడి సీఆర్‌సీ (దివ్యాంగుల కోసం కేంద్రం నడిపే ప్రాంతీయ కేంద్రం) దగ్గర.

అమెరికా నుంచో మరో దేశం నుంచో తిరిగొచ్చే కుటుంబాలకు ఒక మాట. అక్కడ ఇచ్చిన ఐఈపీకి, అంటే ఆ ఒక్క పిల్లకోసం రాసిన చదువు ప్రణాళికకు, ఇక్కడి బడిలో చట్టబలం లేదు. కానీ అందులో ఉన్న పరీక్షల వివరాలు ఇక్కడి డాక్టర్లకు చాలా పనికొస్తాయి, పారేయకుండా తెచ్చుకోండి.

మూడో మెట్టు: పిల్లల గురించి ఒక పేజీ

బడులు వెతకడానికి ముందు ఇంట్లో కూర్చుని ఒక పేజీ రాయండి. డాక్టర్ రిపోర్టు భాషలో వద్దు, మీకు తెలిసినట్టు రాయండి. పాప దేనికి సంతోషిస్తుంది, దేనికి భయపడుతుంది? ఎంతసేపు కూర్చోగలదు? ఆకలి, టాయిలెట్ ఎలా చెబుతుంది? అన్నలతో, అక్కలతో ఎలా ఉంటుంది? ఇంట్లో తెలుగు, థెరపీలో ఇంగ్లీషు, బడిలో హిందీ అయితే మాట రావడం కష్టమైన పిల్లలు మూడింటి మధ్య నలిగిపోతారు. కాబట్టి ఏ భాషలో బాగా అర్థమవుతుందో తప్పకుండా రాయండి.

చివర్లో మూడు విషయాలు రాయండి: ఇవి లేకపోతే కుదరదు అన్నవి. ఒకరికి అది ఇంటికి దగ్గరగా ఉండటం. ఇంకొకరికి కింది అంతస్తులో తరగతి గది. మరొకరికి టాయిలెట్‌లో సాయం చేసే ఆయమ్మ. మూడుకు మించి రాస్తే ఏ బడీ మిగలదు.

ఇదే పేజీ తర్వాత టీచర్ చేతికి వెళ్తుంది, దరఖాస్తులోకి వెళ్తుంది, అవసరమైతే కమిషనర్ ముందు ఫైల్లోకీ వెళ్తుంది.

నాలుగో మెట్టు: బడులు తిరిగి చూడండి

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. హక్కు ఉంది కదా అని మొదట కనిపించిన బడితో పోరాడి చేర్పించి, ఆరు నెలల తర్వాత పాప వెనక బెంచీలో బొమ్మలు గీసుకుంటూ కూర్చుందని తెలిస్తే ఆ గెలుపు ఏ పనికొస్తుంది?

ప్రభుత్వ బడి, దానికి తోడుగా భవిత కేంద్రం: సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి చదువుల పథకం కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఐఈఆర్‌పీలని పిలిచే ప్రత్యేక టీచర్లు ఉంటారు. బాబు పేరు మామూలు బడిలో ఉంటుంది, అవసరాన్ని బట్టి భవితకూ వస్తాడు. కొన్నిచోట్ల ఫిజియోథెరపిస్టు వారానికి ఒకసారి వస్తారు. బడికి రాలేని పిల్లల ఇంటికి ఐఈఆర్‌పీ వెళ్లి చెబుతారు. రవాణా భత్యం, తోడుగా వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు స్టైఫండ్ లాంటివి దీని కిందే వస్తాయి. నిధులు ఆలస్యంగా పడటం, ఒక్క ఐఈఆర్‌పీకే బోలెడుమంది పిల్లలుండటం నిజమే. అయినా చాలామంది దీన్ని చూడకుండానే కొట్టిపారేస్తారు, అది తొందరపాటు. ఐఈఆర్‌పీ చురుకుగా ఉన్న మండలంలో, వేలు పోసే ప్రైవేటు బడికంటే ఇదే నయం కావచ్చు. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగితే మీ భవిత ఎక్కడుందో చెబుతారు.

ప్రైవేటు బడి: బ్రోషర్‌లో "ఇన్‌క్లూజివ్" అని ఉందో లేదో చూసి మురిసిపోకండి. అడగాల్సిన ప్రశ్నలు వేరు. స్పెషల్ ఎడ్యుకేటర్ (ప్రత్యేక టీచర్) ఉన్నారా? వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చే సీఆర్‌ఆర్ నంబర్, అంటే రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా? ఎంతమంది పిల్లలకు ఒక్కరు? 2021 అక్టోబర్‌లో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల్లో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. సీబీఎస్‌ఈ అయితే తన బడుల్లో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలనే షరతు పెట్టింది. "ఇప్పటికే ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఏ తరగతి దాకా వచ్చారు?" అని అడగండి. 1వ తరగతిలో ఆరుగురు, 6వ తరగతిలో ఒక్కరూ లేకపోతే, మధ్యలో ఏం జరిగిందో ఆలోచించండి.

కేంద్రీయ విద్యాలయాల్లో కొత్త అడ్మిషన్లలో దివ్యాంగులకు 3 శాతం సీట్లున్నాయి. వయోపరిమితిలో రెండేళ్ల సడలింపు ఇచ్చే అధికారం ప్రిన్సిపాల్‌కు ఉంది. నోటిఫికేషన్ వచ్చే రోజుల్లో కన్నేసి ఉంచండి.

ప్రత్యేక పాఠశాల: మామూలు బడిలో వేయకపోతే తప్పు చేసినట్టు కొందరు మాట్లాడతారు. వాళ్ల మాట పట్టించుకోకండి. సైగల భాషలో చదువుకునే బధిర పిల్లలకు తమలాంటి పిల్లల మధ్య ఉండటం ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. బాపట్ల, మలక్‌పేటల్లో బధిరులకు, విజయనగరంలో అంధులకు ప్రభుత్వ పాఠశాలలున్నాయి. స్వచ్ఛంద సంస్థ నడిపే స్పెషల్ స్కూల్ అయితే 2016 చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. ఇంకొకటి అడగండి: ఇక్కడ చదివిన పిల్లలు పదో తరగతి రాస్తారా, ఏ బోర్డు ద్వారా? కొన్ని చోట్ల ఏళ్ల తరబడి పూసలు గుచ్చడం, రంగులు వేయడం దగ్గరే ఆపేస్తారు.

రోజూ బడికి వెళ్లకుండా చదివి పరీక్ష రాసే ఓపెన్ స్కూల్ కూడా ఒక దారే. జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్, ఇక్కడ ఏపీ ఓపెన్ స్కూల్, తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉన్నాయి. కానీ చిన్నప్పుడే "ఎన్‌ఐఓఎస్‌లో కట్టేయండి" అని బడి సలహా ఇస్తే, అది మీ పిల్లల మేలుకా, బడి పదో తరగతి రిజల్ట్ మేలుకా అని అడగండి.

బడి చూడటానికి వెళ్లేటప్పుడు రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి మీరొక్కరే, రెండోసారి పిల్లలతో. ప్రిన్సిపాల్ గదికంటే టాయిలెట్లు ముందు చూడండి. లంచ్ టైములో వెళ్తే అసలు బడి కనిపిస్తుంది. పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ఆయమ్మ ఎలా మాట్లాడుతోంది, ఒంటరిగా గోడ పక్కన నిలబడ్డ పిల్లను ఎవరైనా పలకరిస్తున్నారా గమనించండి. ఆడపిల్లలైనా, మాట రాని పిల్లలైనా టాయిలెట్‌కు ఎవరు తీసుకెళ్తారు, బస్సులో ఆడమనిషి ఉంటుందా అని సూటిగా అడగండి. ఇందులో మొహమాటం వద్దు.

అయిదో మెట్టు: 25 శాతం సీట్లు

విద్యాహక్కు చట్టం 12(1)(సి) ప్రకారం ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులు 1వ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన, వెనకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. 2012 సవరణ నుంచి వైకల్యమున్న పిల్లలు కూడా ఈ కోవలోకి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుని లాటరీ తీస్తున్నారు. అందులో అనాథలు, హెచ్‌ఐవీ బాధితుల పిల్లలు, దివ్యాంగులకు కలిపి 5 శాతం. తెలంగాణలో ఈ సెక్షన్ అమలు ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. మీరు చేర్చే ఏడాది పరిస్థితి ఏమిటో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, జవాబు లేకపోతే సమాచార హక్కు కింద అడగండి.

లాటరీలో రాకపోతే అంతటితో అయిపోలేదు. అది ఫీజు లేని సీటు పోవడమే, దివ్యాంగుల చట్టం 16వ సెక్షన్ కింద చేరే హక్కు పోవడం కాదు.

ఆరో మెట్టు: దరఖాస్తు కాగితం మీదే

బడి ఎంచుకున్నాక ఫోన్‌లో మాట్లాడి ఊరుకోవద్దు. అప్లికేషన్ ఫారం ఇవ్వకపోతే తెల్లకాగితం మీద రాయండి. తెలుగులో రాసినా చెల్లుతుంది. ఇలా ఉండొచ్చు:

"ప్రధానోపాధ్యాయులు గారికి,

విషయం: మా అమ్మాయిని 2వ తరగతిలో చేర్చుకోవడం గురించి.

అయ్యా, మా అమ్మాయికి 7 ఏళ్లు. తనకు వినికిడి లోపం ఉంది, సర్టిఫికెట్ నకలు జతచేశాను. మీ పాఠశాల మా ఇంటికి దగ్గర. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 16, 31 ప్రకారం తనను మీ పాఠశాలలో చేర్చుకోవాలని కోరుతున్నాను.

తనకు కావలసిన సర్దుబాట్లు: టీచర్ ముఖం కనిపించేలా ముందు బెంచీలో చోటు, పాఠంలోని ముఖ్యమైన మాటలు బోర్డు మీద రాయడం, డిక్టేషన్ బదులు చూసి రాసే పరీక్ష.

మీ నిర్ణయాన్ని 7 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు. చేర్చుకోవడం వీలుకాదనుకుంటే కారణాలు రాసి ఇవ్వగలరు.

ఇట్లు, (పేరు, సంతకం, ఫోన్ నంబర్, తేదీ)"

7 రోజులన్నది చట్టంలో లేదు, గడువు లేని ఉత్తరానికి జవాబు రాదు కాబట్టి పెట్టుకున్నది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. వేయకపోతే గొడవపడకుండా వచ్చేసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. బడికి ఈమెయిల్ ఉంటే అదీ పెట్టండి.

పైన అడిగిన సర్దుబాట్లు చూశారుగా, వాటిలో ఒక్కదానికీ బడికి రూపాయి ఖర్చు లేదు. మొదటి ఉత్తరంలో ఇలాంటివే అడగండి. ర్యాంపు, లిఫ్టు తర్వాత. "కారణాలు రాసి ఇవ్వగలరు" అన్న వాక్యం మాత్రం తీసేయకండి. నోటితో కాదన్నంత తేలిగ్గా కాగితం మీద కాదనడం ఏ ప్రిన్సిపాల్‌కైనా కష్టం. చాలా వ్యవహారాలు ఇక్కడే తేలిపోతాయి.

బర్త్ సర్టిఫికెట్ లేదని, టీసీ రాలేదని, జూన్ దాటిపోయిందని 1 నుంచి 8వ తరగతి వరకు చేర్చుకోకపోవడం కుదరదు. విద్యాహక్కు చట్టం 5, 14, 15 సెక్షన్లు ఇందుకే ఉన్నాయి.

ఏడో మెట్టు: కాదంటే ఎవరి దగ్గరికి

గడువు దాటితే ముందు ఎంఈఓకు, ఆ తర్వాత డీఈఓకు ఫిర్యాదు. ప్రతిదానికీ మొదటి ఉత్తరం నకలు జతచేయండి. సమగ్ర శిక్ష జిల్లా ఆఫీసులో సహిత విద్య కోఆర్డినేటర్ ఉంటారు, ఆయనకు ఒక కాపీ ఇవ్వండి. కొన్నిసార్లు ఆయన ఫోన్ ఒక్కటి చాలు.

సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లొచ్చు. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ అర్జీకి నంబర్ ఇస్తారు, ఆ నంబరే మీకు ముఖ్యం. పిల్లల్ని ఎత్తుకుని గంటలు గంటలు క్యూలో నిలబడక్కర్లేదు, తల్లిదండ్రుల్లో ఒకరు వెళ్తే చాలు.

ఇక్కడా కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. 2016 చట్టం కమిషనర్‌కు సాక్షుల్ని పిలిపించే, రికార్డులు తెప్పించే విషయాల్లో సివిల్ కోర్టు అధికారాలిచ్చింది. ఫిర్యాదుకు వకీలు అక్కర్లేదు. కమిషనర్ సిఫార్సు చేస్తే సంబంధిత అధికారి 3 నెలల్లో అమలు చేయాలి, లేదా ఎందుకు చేయలేదో చెప్పాలి. తెలంగాణ ఆఫీసు హైదరాబాద్ మలక్‌పేటలో ఉంది. ఫిర్యాదు ఒకటిన్నర పేజీ దాటకుండా, తేదీల వరుసలో రాయండి. బాధ రాయొద్దని కాదు, తేదీలు ముందు ఉంటే బాధ కూడా చదువుతారు.

ఇంటర్వ్యూ పెట్టారు, డొనేషన్ అడిగారు, పిల్లను కొట్టారు, అవమానించారు లాంటివైతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు కూడా రాయండి. పిల్లకు ప్రమాదం ఉందనిపిస్తే 1098.

దివ్యాంగుల చట్టాన్ని ఉల్లంఘిస్తే దాని 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. ఈ అంకెల్ని మొదటి రోజే బడి ముందు ఊపకండి. రేపు మీ పిల్ల కూర్చోబోయేది ఆ గదిలోనే. బెదిరింపు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిది.

హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తే ఖర్చుకు భయపడి ఆగిపోకండి. న్యాయసేవల చట్టం, 1987 ప్రకారం పిల్లలకూ, దివ్యాంగులకూ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఈ గొడవల మధ్యలో ఒక సమాచార హక్కు దరఖాస్తు వేసి ఉంచడం మంచిది. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లలు ఎంతమంది, ఐఈఆర్‌పీలు ఎంతమంది, ఎన్ని పోస్టులు ఖాళీ అని అడగండి. ఆంధ్రాలో మండల స్థాయిలో రుసుము 5 రూపాయలే. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు మీకే కాదు, ఊళ్లో ఇంకో నలుగురు తల్లిదండ్రులకూ పనికొస్తుంది.

ఎనిమిదో మెట్టు: చేరాక

చేరిన నెలలోపు టీచర్‌తో, స్పెషల్ ఎడ్యుకేటర్‌తో కూర్చుని ఐఈపీ రాయించండి. ఈ పేరు చట్టంలో లేదు, కానీ పిల్లల అవసరాన్ని బట్టి విడిగా సాయం అందించాలని, ప్రగతిని గమనించాలని దివ్యాంగుల చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. మూడు నెలలకు మూడు లక్ష్యాలు చాలు. "సోషల్ స్కిల్స్ మెరుగుపడాలి" లాంటి గాలిమాటలు వద్దు. "టిఫిన్ బాక్స్ తనే తెరవాలి", "పేరు పిలిస్తే చెయ్యెత్తాలి" అని రాస్తే సాధించారో లేదో తెలుస్తుంది.

షాడో టీచర్ (తరగతిలో ఒక్క పిల్లకే తోడుగా కూర్చునే మనిషి) విషయం చాలామందికి పెద్ద టెన్షన్. "మీ ఖర్చుతో షాడో పెట్టుకుంటేనే చేర్చుకుంటాం" అని చాలా ప్రైవేటు బడులంటాయి. అవసరమైన సాయం అందించాల్సింది బడి అని చట్టం చెబుతోంది కాబట్టి, ఆ షరతును రాసివ్వమని అడగండి. ఆచరణలో చాలా కుటుంబాలు కొంత ఖర్చు పంచుకుంటున్నాయి. అలా చేయాల్సి వస్తే షాడో ఎన్ని గంటలు, ఎప్పుడు తగ్గించుకుంటూ వస్తారు అన్నది ఐఈపీలోనే రాయించండి. ఏడాదంతా ఒక మనిషి పక్కన అతుక్కుని కూర్చుంటే పిల్లలకు స్నేహితులు దగ్గరికి రారు.

పరీక్షల విషయంలో అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల మినహాయింపు లాంటివి దివ్యాంగుల చట్టం 17వ సెక్షన్‌లోనే ఉన్నాయి. సీబీఎస్‌ఈలో 3 గంటల పేపర్‌కు గంట అదనం. పదో తరగతి రాయితీలకు బడి నుంచి ప్రతిపాదన ముందుగా వెళ్లాలి. 9వ తరగతిలోనే హెడ్‌మాస్టర్‌కు రాసి ఇవ్వండి, హాల్‌టికెట్ వచ్చాక పరిగెత్తితే లాభం లేదు. పుస్తకాలు, పరికరాలు 40 శాతం దాటిన విద్యార్థులకు 18 ఏళ్ల దాకా ఉచితంగా ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. వినికిడి యంత్రాలు, వీల్‌చైర్ల కోసం సమగ్ర శిక్ష పెట్టే క్యాంపుల తేదీలు ఐఈఆర్‌పీని అడుగుతూ ఉండండి.

"ప్రవర్తన బాగాలేదు, టీసీ తీసుకెళ్లండి" అంటే కంగారుపడి సంతకం పెట్టకండి. 8వ తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడం విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ఒప్పుకోదు. "టీసీ మేమే అడిగాం" అని మీ చేత రాయించుకోవడమే వాళ్లకు సులువైన దారి. ఆ కాగితం మీద సంతకం పడితే ఆ తర్వాత ఏ కమిషనరూ మీకు పెద్దగా సాయపడలేరు.

మీ అంతట మీరే బడి మార్చుకోవాలనుకుంటే అది వేరు. ఒకసారి ఎంచుకున్నదే చివరిదాకా ఉంచుకోవాలని ఎక్కడా లేదు. 5వ తరగతి దాకా స్పెషల్ స్కూల్లో ఉండి తర్వాత మామూలు బడికి వచ్చే పిల్లలున్నారు, అటు నుంచి ఇటు వచ్చేవాళ్లూ ఉన్నారు. మారే ముందు పాత బడి నుంచి ఐఈపీ నకళ్లు, మార్కుల రికార్డు, అటెండెన్స్ తీసుకోండి. భవితలో పేరు ఉంటే కొత్త మండలానికి బదిలీ చేయించండి, లేకపోతే భత్యాలు ఆగిపోతాయి. టీసీ ఆలస్యమైనా కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి ఎదురుచూడకండి.